హెల్గా కూతురు వసుంధర

ఇప్పుడే ఓవెన్ తలుపు తీశాను. కాగిన బెల్లం, వేయించిన జీలకర్ర, వెనకాల కాస్త లవంగం. ఆ వాసన వంటింట్లోంచి మెట్లెక్కి పై గదుల దాకా వెళ్లిపోయింది. మా అమ్మాయి హెడ్‌ఫోన్స్ మెడలో వేసుకుని కిందికి దిగి, "మామ్, ఎవరి వెడ్డింగ్?" అంది. పోయిన వేసవిలో మా మరిది పెళ్లిలో పీటల పక్కనే కూర్చుంది లెండి, అప్పటినుంచి దానికి జీలకర్ర బెల్లం అంటే పెళ్లే. మీలో చాలామందికీ అంతే అయివుంటుంది. నాకు మాత్రం ఈ వాసన వస్తే ఒక జర్మన్ పౌరసత్వం గుర్తుకొస్తుంది. నవ్వకండి. ఈ బిస్కెట్లు చేయడం నాకు నేర్పినావిడ గురించి చెబితే మీకే తెలుస్తుంది.

ఆవిడ పేరు వసుంధర. ఈ దేశానికి వచ్చాక నేను చేరిన మొదటి ఉద్యోగంలో నా మేనేజరు. న్యూజెర్సీలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ ఆఫీసు అది. మొదటిరోజు మధ్యాహ్నం నేనూ, నాతోపాటే చేరిన స్వప్నా లంచ్ రూమ్‌లో ఓ మూల కూర్చున్నాం. ఎదుటి బల్ల దగ్గర ఓ పొడుగాటి తెల్లావిడ, నెరిసిన జుట్టు ముడి, ఆకుపచ్చ కళ్లు, స్టీలు క్యారేజీ విప్పుతోంది. స్వప్న నోరు ఊరుకోదు కదా. "ఒసేయ్, ఆ తెల్లావిడని చూడవే! క్యారేజీలో ఆవకాయ! ఎవరో మనాయన్ని కట్టుకున్నట్టుంది, పాపం" అంది, గొంతు తగ్గించకుండానే. ఆవిడ తల ఎత్తలేదు. ముద్ద కలుపుకుంటూనే, "పాపం నాది కాదమ్మా, మా ఆయనది. ఇది ఆవకాయా కాదు, మాగాయ. కాస్త వెయ్యమంటావేటి?" అంది. అచ్చం అనకాపల్లి యాస. స్వప్నకి పొలమారి నీళ్ల కోసం పరిగెత్తింది. నేను మాత్రం సిగ్గు విడిచి మాగాయ వేయించుకున్నాను. అమ్మ కట్టిచ్చిన పచ్చళ్లు అప్పటికే అయిపోయాయి మరి.

"నీ పేరేటి?" అని అడిగింది.

"టీనా అండీ."

"మీవాళ్లు పెట్టిన పేరమ్మా."

"తిరుపతమ్మ" అన్నాను, ఎవరికీ వినపడకూడదన్నట్టు. నందిగామ దగ్గర మా ఊరు. పెనుగంచిప్రోలు తల్లికి మొక్కుకుంటే పుట్టానని ఆ పేరు పెట్టారు. అక్కడ వీధికి ముగ్గురు తిరుపతమ్మలు దొరుకుతారు. ఇక్కడ మాత్రం ఆ పేరు పలకలేక ఉద్యోగం ఇవ్వరని నన్ను పంపిన కన్సల్టెన్సీ ఆయన ఫోన్లోనే టీనాని చేసేశాడు. అదే చెప్పాను.

"బావుంది. ఆ టీనా ఎవరో నాకు తెలీదు, ఫోన్లో నేను ఇంటర్వ్యూ చేసింది నిన్ను. వాళ్లకి నోరు తిరక్కపోతే తిరిగేదాకా పిలుద్దాం" అంది. అన్నంత పనీ చేసింది. మర్నాటి మీటింగులో ఓ పెద్దమనిషి నన్ను 'టీ' అని పిలిస్తే ప్రాజెక్టు మాట పక్కన పెట్టి, గదిలో అందరిచేతా వరసగా నా పేరు పలికించింది. బల్ల కిందికి దూరిపోదామా అనిపించింది నాకు. ఆవిణ్ని 'వాస్' అని పిలవాలని చూసినవాళ్లకి అంతకు ముందే ఆ మర్యాద జరిగిందని తర్వాత తెలిసింది. నెల తిరిగేసరికి ఆ ఆఫీసులో నా పేరు నా మేనత్త కంటే స్పష్టంగా పలికేవాళ్లు తయారయ్యారు.

ఆ డిసెంబరులో ఆవిడ డబ్బా నిండా బిస్కెట్లు తెచ్చింది. జర్మనీలో క్రిస్మస్‌కి చేసుకునే మసాలా బిస్కెట్లట, వాళ్లమ్మ చేసేదట. అప్పుడే ఆవిడ కళ్ల రంగు కథ బయటికి వచ్చింది. వాళ్ల నాన్నగారు చక్కెర తయారీ చదువుకోవడానికి జర్మనీ వెళ్లి, హెల్గా అనే అమ్మాయిని వెంటబెట్టుకుని తిరిగి వచ్చారు. అనకాపల్లి చక్కెర ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేరారు. "అక్కడైతే తేనె వేస్తారు. అనకాపల్లిలో బెల్లం కుప్పలు పెట్టుకుని తేనె ఎవడు కొంటాడు?" అంది. మరి జీలకర్ర ఎందుకని అడిగాను. ఆవిడ అంత గట్టిగా నవ్వడం నేను వినడం అదే మొదటిసారి.

పెళ్లి అనకాపల్లిలో ఇంటిముందు పందిట్లోనే చేశారట. పెళ్లికూతురి తరఫున ఎవరూ లేరు కదా, వాళ్ల నాన్నగారి మేనమామ దంపతులు పీటల మీద కూర్చుని, తమ గోత్రం ఇచ్చి కన్యాదానం చేశారు. వెండి మెట్టెలు ఆ జర్మన్ వేళ్లకి పట్టక, పెళ్లి మధ్యలో కంసాలి కోసం మనిషిని పంపారు. సుముహూర్తానికి హెల్గా చేతిలో జీలకర్ర బెల్లం పెట్టి పురోహితుడు మంత్రం అందుకున్నాడు. పెళ్లికొడుకు నెత్తిన పెట్టమని ఎవరూ ఆమెకి చెప్పలేదు. చేతిలో తియ్యటిది పెట్టారు, చుట్టూ అందరూ తనవైపే చూస్తున్నారు, తినాలి కాబోలు అనుకుంది. తినేసింది. బావుందని ఇంకాస్త అడిగింది కూడా. పందిరంతా ఘొల్లుమంది. మళ్లీ జీలకర్ర బెల్లం నూరి తెచ్చేలోగా ముహూర్తం దాటిపోతుందేమోనని పురోహితుడికి చెమటలు పట్టాయట. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆమె తన బిస్కెట్లలో జీలకర్ర మానలేదు.

ఆ పెళ్లిలోనే ఆమె పేరు మారింది. ఆడపడుచు సత్యవతి అప్పటికి కొత్తకోడలి వయసు పిల్ల. హెల్గా అనడానికి ఇంట్లో పెద్దవాళ్లకి నోరు తిరగడం లేదని, ఆమే హేమలత అని పేరు పెట్టింది. ఊరంతా అదే పిలిచింది. వసుంధర గారు పుట్టినప్పుడు మునిసిపాలిటీ రిజిస్టర్లో తల్లి పేరు హేమలత అనే రాయించారు. ఆ ఊళ్లో ఆ పని ఎవరైనా అలాగే చేసేవాళ్లు, అందులో తప్పుందని ఎవరికి తోస్తుంది?

అయితే హేమలత గారు భారత పౌరసత్వం మాత్రం తీసుకోలేదు. తీసుకుంటే జర్మనీది పోతుంది. అందుకని అనకాపల్లిలో సంసారం చేస్తూ, అనకాపల్లి తెలుగు మాట్లాడుతూ, ఏటేటా పోలీస్ స్టేషన్‌కి వెళ్లి విదేశీయురాలిగా పేరు నమోదు చేయించుకుని వచ్చేది. ఎస్.ఐ. లేచి కుర్చీ వేసేవాడట. ఎందుకమ్మా ఈ తిరుగుడు అంటే, "నీకివ్వడానికి నా దగ్గర ఇంకేముందే, ఇదొక్కటే కదా, దాచి ఉంచుతాను" అనేదట కూతురితో.

వసుంధర గారు హైస్కూల్లో ఉండగా జర్మనీలో అమ్మమ్మకి జబ్బు చేసింది. తల్లి ఆవిణ్ని తీసుకుని మద్రాసులో కాన్సులేట్‌కి వెళ్లింది, నా కూతురికి కూడా పాస్‌పోర్టు ఇవ్వండి, ఇద్దరం వెళ్లి చూసి వస్తాం అని. అక్కడి ఉద్యోగి మర్యాదగానే చెప్పాడట. పెళ్లయిన ఆడదాని పిల్లలకి తండ్రి పౌరసత్వమే వస్తుంది, తల్లిది రాదు. మీరు జర్మనే, మీ అమ్మాయి కాదు. చట్టం అదే. వసుంధర గారు ఈ సంగతి చెబుతుంటే మేమిద్దరం కారులో ఉన్నాం, నన్ను ఇంటి దగ్గర దింపడానికి డ్రైవ్ చేస్తున్నారు. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నారు:

"తిరుగు రైల్లో మా అమ్మ రాత్రంతా మాట్లాడలేదు. అనకాపల్లి స్టేషన్లో దిగుతుంటే అంది, 'నిన్ను కన్నాను, పాలిచ్చాను, లెక్కల్లో మాత్రం నేను లేనటే' అని. ఒక్కర్తే జర్మనీ వెళ్లి వచ్చింది. అమ్మమ్మని నేను చూడలేదు."

తర్వాత కొన్నేళ్లకి ఆ చట్టం మారింది. అప్పటినుంచి పుట్టే పిల్లలకి తల్లి నుంచీ వస్తుందన్నారు. అంతకు ముందు పుట్టినవాళ్లు మూడేళ్లలోగా అడిగి తీసుకోవచ్చని ఓ గడువూ పెట్టారట. ఆ కబురు అనకాపల్లికి చేరేసరికి గడువు ఎప్పుడో దాటిపోయింది. హేమలత గారు ఆ దిగులుతోనే పోయింది. వసుంధర గారు పెళ్లి చేసుకుని ఇక్కడికి వచ్చి, కాలక్రమాన అమెరికా పౌరురాలై, ఈ సంగతిని లోపల ఎక్కడో పెట్టేసి బతికింది.

కొన్నేళ్ల క్రితం ఓ ఉదయం నాకు ఫోన్ చేసింది. అప్పటికి రిటైరైంది, నేను వేరే కంపెనీకి మారాను, అయినా వారం వారం మాట్లాడుకునేవాళ్లం. "తిరుపతమ్మా, మళ్లీ తలుపు తీసేరే! తల్లి వల్ల రాకుండా పోయినవాళ్లందరూ ఇప్పుడు అడిగి తీసుకోవచ్చట. ఈసారి పదేళ్లు టైమిచ్చేరు." ఈ వయసులో జర్మనీ పాస్‌పోర్టు ఏం చేసుకుంటారండీ అని అడిగాను. "ఏటి చేసుకుంటాను, బీరువాలో పెట్టుకుంటాను. మా అమ్మ నాకిచ్చింది అని వాళ్ల నోటితో వాళ్లు చెప్పాలి. నాకు కావలసింది అదే" అంది.

పని మొదలయ్యాక తెలిసింది చిక్కు ఎక్కడుందో. జర్మనీవాళ్ల దగ్గర ఉన్నది హెల్గా. అనకాపల్లి రిజిస్టర్లో ఉన్నది హేమలత. ఇద్దరూ ఒకరే అనడానికి పెళ్లి కాగితం కావాలి. పందిట్లో జరిగిన పెళ్లికి కాగితం ఎక్కడినుంచి వస్తుంది? మనవాళ్ల పెళ్లిళ్లకి సాక్షి అగ్నిహోత్రుడు, ఆయన సంతకం చేయడు కదా. న్యూయార్క్‌లో ఈ వ్యవహారాలు చూసే ఒక లాయరుతో వీడియోలో మాట్లాడాం. నేను పక్కనే కూర్చున్నాను. ఆయన ఫైలు అంతా చదివి, చిరునవ్వుతో ఓ శుభవార్త అన్నట్టు చెప్పాడు. ఆమె మీ తల్లి అని ఎలాగోలా చూపించవచ్చు. కష్టమల్లా పెళ్లితోనే. అలాంటప్పుడు పెళ్లి సంగతి ఎత్తడం ఎందుకు? పెళ్లి కాని జర్మన్ తల్లికి పుట్టిన బిడ్డకి పాత చట్టంలో కూడా తల్లి పౌరసత్వమే వచ్చేది. పెళ్లి జరిగినట్టు రుజువు లేదు అని రాసేద్దాం. మీరు కొత్తగా అడగక్కర్లేదు, పుట్టినప్పటినుంచీ జర్మనే అవుతారు.

నేను ఎగిరి గంతేశాను. గ్రీన్‌కార్డు కోసం ఏళ్లకేళ్లు క్యూలో నిలబడ్డదాన్ని, దగ్గర దారి కనపడితే ప్రాణం లేచి రాదా? "మేడమ్, ఓకే అనేయండి! ఎవరికి తెలుస్తుంది? ఇద్దరూ పోయినవాళ్లే కదా" అన్నాను తెలుగులో. వసుంధర గారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేను. కోపం కాదు, నా మాట అసలు అర్థం కానట్టు చూశారు. లాయరుకి ఇంగ్లీషులో ధన్యవాదాలు చెప్పి, అలా వద్దు, పెళ్లి జరిగింది, అదే రుజువు చేద్దాం అని చెప్పి వీడియో ఆపేశారు. తర్వాత నాతో అన్నారు:

"మా అమ్మ మెడలో మూడు ముళ్లు పడ్డాయి తిరుపతమ్మా. ఊరంతా చూసింది. అవి విప్పేసి నాకేటో కట్టబెడతానంటే ఎలా తీసుకుంటానే? ఒకళ్లు అమ్మని నాకు కాకుండా చేసేరు. నేను నాన్నని అమ్మకి కాకుండా చెయ్యాలా?"

అప్పటిదాకా పౌరసత్వం అంటే నాకు ఎలాగోలా దొరకబుచ్చుకోవలసినది. దొరికే దారిలో ఎవరిని లేనివాళ్లుగా చేస్తున్నామో చూసుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు. ఆవిడ కూడా పాఠంలా చెప్పలేదు, లేచి వెళ్లి టీ పెట్టింది.

ఇక మిగిలింది సత్యవతి గారు. తొంభైకి దగ్గర పడుతున్న మేనత్త, అనకాపల్లిలో కొడుకు దగ్గర ఉంటోంది. ఆ పందిట్లో ఉన్నవాళ్లలో బతికున్నది ఆవిడ ఒక్కర్తే. మన దేశం కాగితాల మీద జర్మన్ కాన్సులేట్ వాళ్లకి అనుమానం వస్తే, తమ తరఫున ఒక స్థానిక లాయరుని పంపి విచారణ చేయిస్తారు. అలా చెన్నై నుంచి ఒకాయన అనకాపల్లి వెళ్లాడు. ఆరోజు పొద్దున్నుంచీ వసుంధర గారికి ఒకటే బెంగ. పెద్దావిడ ఏం మరచిపోయిందో, ఏం కలిపి చెబుతుందో. నేను ఆఫీసుకి సెలవు పెట్టి ఆవిడ ఇంట్లోనే కూర్చున్నాను. అక్కడ సాయంత్రమయ్యాక సత్యవతి గారే వీడియో కాల్ చేసింది. తెర నిండా ముక్కు, కళ్లజోడు.

"వచ్చేడే గుంటా మీ లాయరు. భోజనం చెయ్యకుండా మాటాడనంటే కూచుని తిన్నాడు."

"ఏటి అడిగేడు అత్తా?"

"ఏటి అడుగుతాడు! ఈ హెల్గా, హేమలత ఒకళ్లేనా అని అడిగేడు. ఆ పేరు పెట్టిందాన్ని నేనే బాబూ, నన్నడుగుతావేటి అన్నాను. పెళ్లి నిజంగా అయిందా అన్నాడు. ఒళ్లు మండింది. మెట్టెలు పట్టకపోతే కంసాలిని తెచ్చింది చెప్పేను. జీలకర్ర బెల్లం తినేసింది చెప్పేను. నవ్వలేక చచ్చేడనుకో. రాసుకున్నాడు, అంతా రాసుకున్నాడు. పెళ్లి ఫోటో చూపించేను. నవ్వుతోంది చూడు, మూతికి ఇంకా బెల్లం ఉంది అన్నాను."

ఆ ఫోటో నేనూ చూశాను. నుదుట బాసికం, మధుపర్కాలు, పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్న ఓ పొడుగాటి పిల్ల. మూతి పక్కన మచ్చ నిజంగానే ఉంది. సత్యవతి గారు గొంతు మార్చి అంది: "నోరు తిరక్క నేను పేరు మార్చేశాను గానీ, దానివల్ల నీకింత తిప్పలొస్తుందని నాకు తెలీదే." వసుంధర గారు, "నువ్వు పెట్టిన పేరంటే అమ్మకి ప్రాణం అత్తా" అంది. ఇద్దరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను, నాకేమీ సంబంధం లేకపోయినా.

అది జరిగాక చాలాకాలం ఏ కబురూ రాలేదు. వచ్చినరోజు నేనూ ఆవిడా ఎడిసన్ స్టేషన్లో రైలెక్కి న్యూయార్క్ వెళ్లాం. ఆవిడ అమ్మ కట్టిన చీరొకటి కట్టుకుని, పైన కోటు వేసుకుంది. చేతిలో బిస్కెట్ల డబ్బా. కాన్సులేట్ కిటికీ వెనకాల కుర్ర ఉద్యోగి ఆవిడ పేరు చూసి తడబడ్డాడు. నాకు తెలుసు ఏం జరగబోతుందో. ఆవిడ ఓపిగ్గా పలికించింది. అతనూ ఓపిగ్గా పలికాడు. సరిగ్గా వచ్చాక లేచి నిలబడి, సర్టిఫికెట్ చేతికిచ్చాడు. ఇది మీ చేతికి అందిన క్షణం నుంచి మీరు జర్మన్ పౌరులు అన్నాడు. తర్వాత, అడగకుండానే, "మీ అమ్మగారు హెల్గా ద్వారా" అని కలిపాడు.

వసుంధర గారు అక్కడే నిలబడిపోయారు. అంతసేపూ ఏడవని మనిషి, ఆ పేరు వినగానే రెండు చేతులతో కిటికీ అంచు పట్టుకున్నారు. ఆ వెంటనే ఆవిడ ముఖంలో వెలిగిన సంతోషం నేను ఇంకెక్కడా చూడలేదు. గెలిచింది! పెళ్లిని దాచకుండా, నాన్నని వదలకుండా, రెండు పేర్లతోనూ అమ్మని నిలబెట్టి గెలిచింది. డబ్బా తెరిచి కిటికీ కింది సందులోంచి ఆ కుర్రాడికి బిస్కెట్లు ఇచ్చింది. అతను కొరికి, వాళ్ల అమ్మమ్మ చేసేలా ఉందన్నాడు. ఇందులో ఇంకేదో ఉందే అని కూడా అన్నాడు. మేమిద్దరం ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వాం.

బయటికి వచ్చి, పేవ్‌మెంటు మీదే నిలబడి అనకాపల్లికి ఫోన్ చేసింది. "అత్తా, ఇచ్చేరే! నేను అమ్మ కూతుర్నేనని ఒప్పుకున్నారు!" అని అరిచింది. దారిన పోయేవాళ్లు తిరిగి చూశారు. అవతలినుంచి సత్యవతి గారి గొంతు నాకూ వినపడింది.

"ఆ సంగతి తేల్చుకోడానికి వాళ్లకిన్నేళ్లు పట్టిందా? నన్నడిగితే అప్పుడే చెప్పేదాన్ని కదే!"

ఆ తర్వాతి వేసవిలో ఆవిడ ఆ పాస్‌పోర్టు మీద జర్మనీ వెళ్లి, అమ్మమ్మ సమాధి వెతుక్కుని, దాని మీద అనకాపల్లి బెల్లం ముక్క పెట్టి వచ్చింది. పోయిన ఏడు చలికాలం మొదట్లో నిద్రలోనే పోయింది. బిస్కెట్లు కాల్చే రేకు నాకిమ్మని వాళ్ల అమ్మాయికి చెప్పి పెట్టిందట. ఇందాక ఓవెన్లోంచి తీసింది ఆ రేకే.

ఈ వారమే నా వంతు వచ్చింది. అమెరికా పౌరసత్వం ఇంటర్వ్యూలో ఆఫీసరు స్నేహంగానే అడిగాడు: పేరు మార్చుకోవాలంటే ఇదే మంచి అవకాశం, చాలామంది చిన్నది చేసుకుంటారు, మీరు చేసుకుంటారా అని. అక్కర్లేదన్నాను. నిన్న ప్రమాణ స్వీకారం. చెయ్యెత్తి ఆ మాటలు పలుకుతుంటే ఒకటి చేతికి వస్తోందనీ, అదే ఊపులో భారత పౌరసత్వం పోతోందనీ తెలుస్తూనే ఉంది. పోయేది ఏదో, పోనిది ఏదో ఆవిడ దగ్గర ముందే చూసి ఉండకపోతే ఆ హాల్లో నిలబడడం నాకు చాలా కష్టమయ్యేది.

తర్వాత ఒక్కొక్కరినే పిలిచి సర్టిఫికెట్లు ఇస్తున్నారు. నా కాగితం దగ్గర ఆ ఆఫీసరమ్మ ఆగింది. "టిరు... టిరుపా..." అని, ఇంటిపేరుతో గట్టెక్కుదామని చూసింది. వెనక వరసలో మా అమ్మాయి తల పట్టుకుంది. నేను కూర్చున్నచోటి నుంచే, నవ్వుతూ, హాలంతా వినపడేలా, "తిరుపతమ్మ" అన్నాను. మళ్లీ అనమన్నాను. రెండోసారికి ఆమె సరిగ్గా పలికింది. అప్పుడు లేచి వెళ్లాను.